దుర్యోధనుడి లాగిన్

పెద్దాపురంలో తెలివి ఎక్కువై ఇబ్బంది పడే ఇల్లు ఒక్కటే ఉంది, అది గంగరాజుది. ఊళ్ళో మిగతావాళ్ళు ఈ మాట ఒప్పుకోరు. వాళ్ళకి అంత తెలివి లేదు కదా పాపం, ఎలా ఒప్పుకుంటారు?

గంగరాజు, భార్య నూకరత్నం, తమ్ముడు సింహాద్రి కలిసి నాటకాల డ్రస్సులు అద్దెకిస్తారు. కిరీటాలు, గదలు, గడ్డాలు, ఏది కావాలన్నా వాళ్ళింట్లోనే. ఈ ఇంటి డ్రస్సు అందక ఆగిపోయిన నాటకం లేదని గంగరాజు తండ్రి చెప్పుకునేవాడు. ఆ పేరు తన చేతిలో చెడిపోకూడదని గంగరాజు బెంగ. అందుకే బుకింగులకి ఒక సైటు కూడా పెట్టించాడు. అదీ ఎక్కడో కాదు, వీధిగదిలో సొంత కంప్యూటర్లోనే నడుస్తుంది. "మన సైటు మనింట్లోనే ఉంటుంది. చలికాలం దానికి దుప్పటి కూడా కప్పుతాం" అని గర్వంగా చెప్పేవాడు.

చిక్కల్లా పాస్‌వర్డులతోనే. నాటకాలవాళ్ళకి నాలుగు గంటల పద్యాలు నోటికొస్తాయి గానీ పాస్‌వర్డు గుర్తుండదు. కాకినాడలో కంప్యూటర్ సెంటరు నడిపే నూకరత్నం చెల్లెలు హైమ ఫోన్లో ఉపాయం చెప్పింది.

"మన సైటుకి వేరే పాస్‌వర్డు ఎందుకు బావగారూ? అందరికీ మెయిలుంది కదా. ఆ మెయిలు కంపెనీవాడే 'ఈయన ఫలానా' అని మనకి చెప్తాడు. మనం నమ్మి లోపలికి రానిస్తాం. దీన్ని సింగిల్ సైన్ ఆన్ అంటారు."

"తెలిసింది. పెళ్ళికొడుకు మంచివాడా అని పెళ్ళికొడుకునే అడగం. మూడో మనిషిని అడుగుతాం. అంతే కదా?"

"అబ్బ, ఎంత బాగా పట్టేశారు! నేను చెప్పినవి రాసుకుని, చెప్పినట్టే చెయ్యండి" అంది హైమ. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

మొదటిది: కంపెనీవాడు ఒక రహస్యపు కోడు ఇస్తాడు, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. కోడు వచ్చింది. సింహాద్రి కాగితం మీద రాశాడు. నూకరత్నం దాన్ని మడిచి, ఆంజనేయుడి డ్రస్సు తోకలో పెట్టి కుట్టేసింది. కాస్సేపటికి సైటు సెట్టింగుల్లో ఒక గడి కనిపించింది. రహస్యం ఇక్కడ రాయండి అని ఉంది అందులో.

"చూశావా, అప్పుడే కూపీ లాగుతోంది!" అన్నాడు గంగరాజు.

"ఏం రాయమంటావన్నయ్యా?"

"చెప్పం అని రాయి."

ఇంకేముంది, సింహాద్రి రెండు వేళ్ళతో 'చెప్పం' అని కొట్టాడు.

రెండోది: కంపెనీవాడు చూసి పంపినవాళ్ళు మళ్ళీ మన దగ్గరికి రావడానికి చిరునామా ఇవ్వాలి, అక్కడికీ ఇక్కడికీ పిసరంత తేడా రాకూడదు. గంగరాజు శ్రద్ధగా నింపాడు: రైసుమిల్లు ఎదురుగా, ఆకుపచ్చ తలుపు, పెద్దాపురం.

"ఏవండీ, మన తలుపు నీలం కదా?" అంది నూకరత్నం.

గంగరాజు పరుగున వెళ్ళి తలుపు చూసొచ్చాడు. నీలమే. పంపినవాళ్ళంతా వీధిలో తిరుగుతూ ఉండిపోతే? రాసింది కొట్టేయడం కంటే తలుపు మార్చడమే తేలికని ముగ్గురూ ఒప్పుకున్నారు. అంతే, సాయంత్రానికల్లా తలుపు పచ్చగా నిగనిగలాడింది.

మూడోది: పాత పాస్‌వర్డు దారి మూసేముందు, ఒకసారి బయటికొచ్చి మళ్ళీ లోపలికెళ్ళి చూడాలి. ముగ్గురూ చెప్పులేసుకుని వీధిలోకొచ్చారు. మళ్ళీ లోపలికెళ్ళారు.

"ఎవరికైనా ఇబ్బందయిందా?" అని అడిగాడు గంగరాజు.

"నా మోచేతికి రంగంటిందండీ."

"అది లెక్కలోకి రాదు" అని పాత దారి మూసేశాడు.

మర్నాడు కోదండంగారి నాట్యమండలి రామచంద్రపురం పోటీల్లో మయసభ నాటకం వెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి తెర లేస్తుంది. ఎవరికి ఏ డ్రస్సు, ఏ కొలత అన్నదంతా సైటులోనే ఉంది. ఇచ్చేముందు డ్రస్సు ఒకసారి వేసుకుని హుక్కులు సరిచూడటం ఆ ఇంటి ఆచారం. ఆ మధ్యాహ్నం గంగరాజు కిరీటం, మీసాలు, కవచంతో సహా దుర్యోధనుడి డ్రస్సు వేసుకుని, మిగతావి చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఫోను గుర్రుమంది. 'లాగిన్ అవుతున్నది గంగరాజు గారేనా?' అని కంపెనీవాడి ప్రశ్న. కింద అవును, కాదు.

గంగరాజు తలెత్తి నిలువుటద్దంలో చూసుకున్నాడు.

"రత్నం, నేనెవర్ని?"

"దుర్యోధనుడు కదండీ."

మూడో మనిషి చెప్పాక ఇంక అబద్ధమాడటమెందుకు? 'కాదు' నొక్కాడు. అంతే, కంపెనీవాడు ఎకౌంటుకి తాళం వేసేశాడు. కంగారుగా హైమకి ఫోను చేశారు.

"కాదన్నారా? సరే, పాత దారిలో వెళ్ళండి."

"మూసేశాం."

"రహస్యం ఎక్కడ పెట్టారు?"

"తోకలో."

"బావగారూ, బస్సెక్కి నేనే వస్తున్నాను. అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకండి."

ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడిపోయారు. రెండింటికి కోదండంగారు వ్యాను వేసుకొచ్చాడు.

"డ్రస్సులేవయ్యా?"

"ముట్టుకోకూడదండి ఆయ్" అన్నాడు సింహాద్రి.

కోదండంగారు తిట్టుకుంటూ, డ్రైవరూ తనూ కలిసి చేతికందినవన్నీ వ్యానెక్కించారు. ఇంక మిగిలింది ఒక్క దుర్యోధనుడి డ్రస్సే.

"గంగరాజూ, అది విప్పు! ఆ వేషం నాది!"

"ముట్టుకోకూడదండి. పైగా నేను గంగరాజుని కాదండి. ఇందాకే కంపెనీకి చెప్పేశాను."

అన్నాడేగానీ అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డ్రస్సు అందక నాటకం ఆగితే నాన్న పేరేం కావాలి? ముట్టుకోకుండా డ్రస్సు పంపే దారి ఒక్కటే తోచింది. గబగబా వెళ్ళి తనే వ్యానెక్కి కూర్చున్నాడు. నూకరత్నం, సింహాద్రి కట్టుకున్న చేతులు విప్పకుండానే సాగనంపారు.

రామచంద్రపురం చేరేసరికి గంట కొడుతున్నారు. కోదండంగారు తల పట్టుకున్నాడు. "పద్యాలు నేను తెర వెనకనుంచి పాడతాను. నువ్వు మయసభలో తలుపు వెతుక్కో, చాలు."

గంగరాజు నిజంగానే వెతికాడు. తెర మీద గీసిన తలుపులన్నీ ఒక్కొక్కటే తోశాడు. ఢీకొన్నాడు. బొప్పి కట్టింది. చివరికి జనం వైపు తిరిగి, "ఆకుపచ్చది ఎక్కడండీ? మా ఇంటికెళ్ళాలి" అని ఏడుపుగొంతుతో అడిగాడు. ఇంకేముంది, జనం కుర్చీల్లోంచి జారిపడి నవ్వారు. దుర్యోధనుడి అవమానాన్ని ఇంత సహజంగా చేసినవాణ్ణి చూడలేదని న్యాయనిర్ణేతలు కళ్ళు తుడుచుకున్నారు.

"ఉత్తమ నటుడు, పెద్దాపురం గంగరాజు గారు! వేదిక మీదికి రావాలి!" అని కోదండంగారు రాసిచ్చిన పేరు మైకులో చదివాడు నిర్వాహకుడు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గంగరాజే. ముమ్మారు పిలిచారు. ఎవరూ లేవకపోయేసరికి అతనికి జాలేసింది. వేదికెక్కి చెయ్యి చాపాడు.

"పాపం, గంగరాజు రాలేదండి. ఇటివ్వండి, నేను పట్టుకెళ్ళి ఇస్తాను."

"మరి తమరెవరు?" అన్నాడు నిర్వాహకుడు తెల్లబోయి.

"నేనాండీ? మూడో మనిషిని."