దున్నపోతుని ఎగరేసిన శ్రుతి

నమ్మని పెద్దమనుషులు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. కథ మధ్యలో "అబ్బో, కోతలు" అని గొణిగితే మాత్రం ఊరుకునేది లేదు. కొమ్మరవోలు సంస్థానంలో, పట్టపగలు, నిండు కొలువులో, దున్నపోతు ఆకాశానికి ఎగిరింది.

రాజుగారు విజయనృసింహ భూపతి. ఆయన మనవరాలు చిట్టిరంగమ్మ. ఆ పిల్ల ఏడుపు లంకించుకుంటే కోట మీది పావురాలు పక్క రాజ్యానికి వలసపోయేవి. పుట్టినరోజుకి ఎగిరే దున్నపోతు కావాలని పట్టుబట్టింది. రాజు అడవులు గాలించడానికి సైన్యాన్ని పంపబోయాడు. కొలువులో చమత్కారి దోనెపూడి చెంచయ్య అడ్డుపడి, దానికి దండయాత్ర ఎందుకు ప్రభూ, తోలుబొమ్మలాడే లింగోజీని పిలిపిస్తే సరిపోదా అన్నాడు.

లింగోజీ ఆట కట్టాడు. చందమామంతా వెన్నముద్దేనని విన్న ఒక అవ్వ, మనవరాలిని ముందు కూర్చోబెట్టుకుని, దున్నపోతునెక్కి అక్కడికి బయల్దేరుతుంది. అదీ కథ. ఇక సంగీతమంటారా, కుండ మీద దరువు, గరిటెల గలగల, ముఖవీణ ఊదితే కప్పల కచేరీ. వీటన్నిటికీ శ్రుతి పట్టడానికి గాలి నింపిన మేకతోలు తిత్తి. వాళ్ళు సాధన చేస్తుంటే వంటశాలలో పప్పు గిన్నె పొయ్యి దిగొచ్చి చిందులేసింది. కోటలో అందరూ భలే అన్నారు.

అననివాడు ఒక్కడే. ఆస్థాన విద్వాంసుడు, గానకంఠీరవ సోమావధాని.

కోటలో ఎవరు పాడినా అభిప్రాయం చెప్పే హక్కు ఆయనది. కళ్ళు మూసుకుని వినడం, చివర్లో శాలువ సర్దుకుని శ్రుతి కుదరలేదనడం, పాడినవాడు మూట సర్దుకోవడం. తాళం తప్పిందంటే ఎవడో ఒకడు వేళ్ళు మడిచి లెక్క చెబుతాడు. శ్రుతి దగ్గర ఎవడు నోరెత్తుతాడు?

దున్నపోతుకి సంగీతమొకటా అని అవధాని సభలో వెక్కిరించాడు. ముందు వినండి, తరవాత అనండి అని చెంచయ్య మీసం మెలేశాడు. ఆ మెలేయడం చూసి రాజుకి సరదా పుట్టింది. అవధాని మెచ్చితే లింగోజీకి మాన్యం. మెచ్చకపోతే మేళమంతా పొలిమేర దాటాలి, వాళ్ళని తెచ్చిన చెంచయ్య మీసం గొరిగించుకుని వాళ్ళ వెనకే నడవాలి.

ఆ మీసం సామాన్యమైనది కాదు. తక్కినవాళ్ళు మీసం మీద నిమ్మకాయలు నిలబెడితే, చెంచయ్య పనసకాయలు నిలబెట్టేవాడు. అటువంటి మీసం పోతే ఇంట్లో ఇల్లాలు కూడా గుర్తుపట్టదు.

అయితే చెంచయ్యకి ఒక సంగతి తెలుసు. కళ్ళు మూసుకున్న అవధాని విహరించేది రాగాల్లో కాదు. వెళ్ళి లింగోజీ చెవిలో ఏదో ఊదాడు. లింగోజీ చేతిలో బొమ్మ కింద పెట్టేశాడు.

"వాయిద్యాలు కింద పెట్టేస్తే దున్నపోతు ఎట్టా ఎగురుద్ది బాబయ్యా?"

"నువ్వు బొమ్మ గట్టిగా పట్టుకో. గాలి సంగతి నాకొదిలెయ్."

పుట్టినరోజు విందులో చెంచయ్య అవధాని పక్కనే చేరాడు. మీ నోటితో తీర్పు చెప్పాలి కదా, నోరు తియ్యగా ఉండాలంటూ నేతిలో ఈదే బొబ్బట్లు కొసరి కొసరి విస్తట్లో వేయించాడు. పైన గడ్డపెరుగు. ఆ తరవాత కొలువుకూటం కిటికీలు మూసి, తెర కట్టి, దీపాలు వెలిగించారు. అవధానికి బూరుగుదూది బాలీసు వేశారు.

మొదటి పాట ఎత్తుకున్నారో లేదో అవధాని కళ్ళు మూశాడు. రెండో చరణానికి గడ్డం గుండెకి ఆనింది. చెంచయ్య వేలెత్తాడు. కుండ ఆగింది, గరిటెలు ఆగాయి, ముఖవీణ ఒళ్ళోకి దిగింది, తిత్తి చప్పబడింది.

నిశ్శబ్దంలోంచి గుర్రు లేచింది.

అది గుర్రా, తొలకరి ఉరుమా! అవధాని ఊపిరి లోపలికి పీలిస్తే తెరంతా ఆయన వైపు ఉబ్బింది, దున్నపోతు రివ్వున లేచింది. ఊపిరి వదిలితే దీపాలు అటు వంగాయి, దున్నపోతు దబ్బున దిగింది. మధ్యలో ముక్కు ఈల వేసినప్పుడల్లా అవ్వ కొప్పు ఊడి గాల్లో గిరగిరా తిరిగింది. చిట్టిరంగమ్మ నేల మీద పడి దొర్లింది. మంత్రి దండనాయకుడి భుజం కొరికాడు. రాజు ఉత్తరీయం మూరలకొద్దీ నోట్లో కుక్కుకున్నాడు. ఎవరి నోటా చప్పుడు రాకూడదని చెంచయ్య సైగ మరి. దున్నపోతు చందమామని చేరి వెన్న నాకి మరీ తిరిగొచ్చింది.

అప్పుడు చెంచయ్య గంట కొట్టించాడు.

అవధాని కళ్ళు తెరిచాడు. శాలువ సర్దుకున్నాడు. రాజు కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఎలా ఉందని అడిగాడు.

"పాటలో పస లేదు ప్రభూ. పోనీ అంటే, ఆ శ్రుతి! ఆ రొద చేసినవాడు మనిషో, దున్నపోతో నాకు తేలలేదు. ఆద్యంతం అపశ్రుతే."

"ఆద్యంతం విన్నారా?"

"ఒక్క ఊపిరి కూడా వదలకుండా విన్నాను."

"అయితే ఏం చేయమంటారు?"

"ఆ శ్రుతి పట్టినదాన్ని తక్షణం పొలిమేర దాటించాలి."

చెంచయ్య లేచి చేతులు కట్టుకున్నాడు. అవధానిగారి తీర్పుకి తిరుగు లేదన్నాడు. మేళంవాళ్ళు వాయిద్యాలు మొదటి పాటలోనే కింద పెట్టేశారనీ, తక్కిన ఆటంతా ఏ సంగీతంతో నడిచిందో సభంతా విందనీ, చూసిందనీ మనవి చేశాడు. చివరికి అన్నాడు:

"ఆ ముక్కుని పొలిమేర దాటించండి ప్రభూ. అవధానిగారికి దాన్ని విడిచి ఉండలేననిపిస్తే, వెంట వెళ్ళొచ్చు."

అంతే. ఆపుకున్న నవ్వంతా ఒక్కసారి పగిలింది. ఆ ధాటికి కోట పెంకులు లేచి ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయి. అవధాని ముక్కు మీద వేలేసుకోబోయి, అదే ఆ ముక్కని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు. చిట్టిరంగమ్మ ఆయన ఒళ్ళోకెక్కి, తాతా, మళ్ళీ నిద్రపో, దున్నపోతు ఇంకోసారి ఎగరాలి అని గడ్డం పట్టుకుంది. దానికి ఆయనకే నవ్వొచ్చింది. తన శాలువ తీసి తన చేత్తోనే లింగోజీకి కప్పాడు.

లింగోజీకి మాన్యం దక్కింది. చెంచయ్యకి ముత్యాల హారం, మీసానికి బంగారు దువ్వెన.

ఇంకా అనుమానముంటే, తెర వెనక దీపాలు చూసుకున్న మనిషిని అడగండి. ఆనాటి గుర్రు దెబ్బకి కాస్త చెవుడు, గట్టిగా అరవాలి. పేరు బొంతు సింహాద్రి.