పూలమ్మ గంపలో ఏడు గుడ్లు

సత్తెమ్మగారి దొడ్లో వంటపాక మూల ఒక పాత గంప ఉంది. గంపలో ఊక, ఊక మీద బొగ్గుతో గీతలు గీసిన ఏడు గుడ్లు, ఉరుములకి అవి చెడిపోకుండా పక్కనే ఒక ఇనపమేకు. వాటన్నిటి మీదా రెక్కలు పరుచుకుని కూర్చున్నది పూలమ్మ అనే కోడిపెట్ట.

దొడ్డికంతటికీ పెద్ద భద్రయ్య అనే కుక్క. ఎవరి పని ఏమిటో అతనే చెప్పేవాడు. రెండో పంట దాళవా కోతలై వరికుప్పలు చేలోనే ఉండటంతో, యజమాని అతన్ని అయిదారు రోజులు కుప్పల కాపలాకి తీసుకెళ్తున్నాడు. వెళ్లేముందు భద్రయ్య దొడ్డంతా ఒకసారి తిరిగాడు. మేక సూరమ్మకి గేటు దగ్గర, మగబాతు దొరబాబుకి కాలవ వైపు కాపలా అప్పజెప్పి, చివరికి గంప దగ్గర ఆగాడు.

"నీ పని కదలకుండా కూర్చోవడమేనమ్మా. మేతకని రోజుకొక్కసారి లే, వెంటనే వచ్చి కూర్చో. అవి ఎవరి గుడ్లన్న సంగతి మాత్రం నేనొచ్చేదాకా ఎవరి దగ్గరా ఎత్తకు. దొరబాబు దగ్గర అసలే ఎత్తకు. తెలిసిందంటే రోజూ వచ్చి గుడ్డు గుడ్డుకీ పెత్తనం చేస్తాడు."

పూలమ్మ తలూపింది. మాట్లాడమంటేనే కష్టంగానీ, మాట్లాడొద్దంటే తనకి హాయి.

భద్రయ్య అటు వెళ్లాడో లేదో, దొరబాబు అతను పడుకునే గోనెపట్టా ఎక్కి కూర్చున్నాడు. దొడ్డి తనకే అప్పజెప్పి వెళ్లాడన్నాడు. ఆ మాట విన్నవాళ్లు లేరు, కాదనే ధైర్యమూ ఎవరికీ లేదు. మర్నాటి నుంచి, పుంజు తను లేచాకే కూయాలన్నాడు. సూరమ్మ గేటు వదిలేసి, తనకి ఎండ తగలకుండా అడ్డం నిలబడాలన్నాడు. పెట్టలన్నీ పెంట తవ్వి వానపాముల్ని పట్టా దగ్గరికే తెచ్చి పెట్టాలన్నాడు. ఇదేం చోద్యమని భార్య వెంకాయమ్మ అడిగితే, ఆడబాతులకి ఇలాంటివి అర్థం కావన్నాడు.

అయిదోరోజున అతని కన్ను గంప మీద పడింది.

"ఏం మరదలా, ఎన్నాళ్లయింది నువ్వా గంపెక్కి?"

"ఇరవై ఏడు రోజులండి, బావగారూ."

"కోడిగుడ్డుకి ఇరవై ఒక్క రోజు. నాకు తెలీదనుకున్నావా? అవి ఎప్పుడో మురిగిపోయుంటాయి. కంపు గుడ్ల మీద కూర్చుని పని తప్పించుకుంటున్నావు. లేచి పెంట దగ్గరికి నడు. పొద్దువాలేదాకా తవ్వు."

పూలమ్మ గుడ్లమీదికి ఇంకా ఒదిగింది. అవి కోడిగుడ్లయితే కదా. వెంకాయమ్మ కాలవగట్టున ఎక్కడ పడితే అక్కడ పెట్టేసి, వెనక్కి చూడకుండా ఈదుకుంటూ పోయిన గుడ్లవి. బాతులు పొదగవని సత్తెమ్మగారు వాటిని ఏరితెచ్చి తన కింద పెట్టారు. బాతుగుడ్డుకి ఇరవై ఎనిమిది రోజులు. ఒక్కటంటే ఒక్క రోజుంది. ఇప్పుడు నిజం చెప్పినా, పని ఎగ్గొట్టడానికి కథలల్లుతోందంటాడు. చెప్పకుండా లేస్తే ఏడు ప్రాణాలు చల్లారిపోతాయి. పడమట మబ్బేసి, తడిగాలి పాకలోకి కొడుతోంది.

"వినపడలేదా? కాలవలో ఒక్క మునక వేసి వస్తా. వచ్చేసరికి నువ్వు లేవకపోయావో, సూరమ్మ కొమ్ములతో ఆ గంప తిరగేయిస్తా."

అతను వెళ్లాక సూరమ్మ దగ్గరికొచ్చింది. నన్నేం చేయమంటావే, ఎదురుచెబితే కుడితితొట్టి దగ్గరికి రానివ్వడు, అని నేల చూస్తూ గొణిగింది. అప్పుడు పూలమ్మ పొట్ట కింద టిక్కుమంది. కాసేపాగి మళ్లీ టిక్కుమంది. లోపలున్నవాళ్లు పెంకు పొడుస్తున్నారు. ఆ చప్పుడు వింటుంటే, పూలమ్మకి తన పిరికితనం తనకే చిన్నదిగా కనిపించింది.

దొరబాబు నీళ్లు విదిలించుకుంటూ వచ్చాడు. "ఇంకా కూర్చునే ఉన్నావా?"

"లేస్తానండి, బావగారూ. ఒక్క మాట. రేపు భద్రయ్యన్న వచ్చి ఎందుకు లేచావంటే నేను నోరు విప్పి చెప్పలేను, నా సంగతి మీకు తెలిసిందే. అందరినీ పిలిచి, లేవమన్నది మీరేనని ఆ మాటేదో మీ నోటితోనే చెప్పండి. వెంకాయమ్మక్కని కూడా పిలవండి."

నలుగురిలో మాట్లాడమంటే దొరబాబుకి అంతకంటే ఏం కావాలి. అందరినీ గంప చుట్టూ నిలబెట్టి, మెడ నిక్కించాడు.

"వినండి. పూలమ్మని లేవమన్నది నేనే. ఈ గుడ్లు ఏమైపోయినా పూచీ నాదే."

"ఎవరి గుడ్లయినా సరేనా అండి?" అని పూలమ్మ మెల్లగా అడిగింది.

"ఎవరివైతే నాకేం. లే."

పూలమ్మ లేచింది.

ఊకలో ఏడు పెద్ద గుడ్లు, నీలిచాయ తెల్లనివి. ఒకదాని పెంకు విచ్చుకుని ఉంది. అందులోంచి చిన్న ముక్కు బయటికొచ్చింది. కోడిపిల్ల ముక్కులా మొనదేలి లేదు. చదునుగా ఉంది.

వెంకాయమ్మ వంగి చూసి, మొగుడివైపు తిరిగింది.

"ఇందాక కాలవదాకా వినపడేట్టు, కొమ్ములతో తిరగేయిస్తానన్నది ఈ గంపనేనా?"

"నాకేం తెలుసు? ఇది చెప్పలేదుగా."

"మీరు లేవమన్నారండి. గుడ్లెవరివని అడగలేదు," అంది పూలమ్మ.

గాలి ఒక్కసారి విసిరికొట్టింది. పెంకులోని పిల్ల సన్నగా అరిచింది. దొరబాబు కంగారుపడిపోయాడు. "కూర్చో, తొందరగా కూర్చో."

"మీరిందాక అందరి ముందూ లేవమన్నారు. కూర్చోమన్నది కూడా అందరికీ వినపడాలండి."

దొరబాబు చుట్టూ చూశాడు. సూరమ్మ, పుంజు, పెట్టలు అందరూ అతన్నే చూస్తున్నారు. వెంకాయమ్మ అందరికంటే దగ్గరగా నిలబడి చూస్తోంది.

"నాది తప్పయింది. భద్రయ్య నాకేమీ అప్పజెప్పలేదు. కూర్చో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

అతని మాట పూర్తయ్యేసరికే పూలమ్మ రెక్కల కింద ఏడూ దాగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే భద్రయ్య వచ్చాడు. సూరమ్మ గేటు దగ్గరుంది. గోనెపట్టా ఉండాల్సిన చోటే ఉంది. దొరబాబు మాత్రం, పిల్లలు కిచకిచలాడుతున్న గంపకి జల్లు కొట్టకుండా రెక్కలు చాపి, వానలో తడుస్తూ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నిన్ను కాలవ వైపు చూడమన్నాను కదయ్యా," అన్నాడు భద్రయ్య.

"మా ఆవిడ ఇటు చూడమంది," అన్నాడు దొరబాబు.

పెద్దవాడు లేనప్పుడు పెత్తనం చేసేవాడితో వాదించక్కర్లేదు, వాడి హుకుం నలుగురి ముందూ వాడి నోటితోనే చెప్పిస్తే చాలు.