వల చొక్కా

ఎండలు నిప్పులు చెరిగే ఒక రాజ్యంలో వార్తలు మోసే రౌతులు ఏ కాలమైనా మందపాటి తోలు చొక్కాతోనే స్వారీ చేయాలి. విప్పితే కొరడా దెబ్బలు.

వలలల్లే పైడమ్మ, రౌతుగా పనిచేసే చెల్లెలు సన్నెమ్మ కోసం గాలాడే వల చొక్కా అల్లి, భుజాలకూ మోచేతులకూ తోలు కుట్టింది. తోలు చొక్కా విప్పి అది తొడుక్కున్నందుకు రౌతుల దళపతి సన్నెమ్మను మిట్టమధ్యాహ్నం స్తంభానికి కట్టించాడు.

"చిల్లుల చొక్కానా! ఒళ్లు చూపించుకోడానికా? కిందపడితే ఇదేం కాపాడుతుందే?" అని గర్జించాడు. లోపల దళసరి రవిక ఉన్నా ఆయన కళ్లకు చిల్లులే ఆనాయి.

పైడమ్మ పరుగున వచ్చింది. "అక్కా, ఊరుకోవే, నీకూ దెబ్బలు పడతాయి," అని సన్నెమ్మ బతిమాలింది.

పైడమ్మ దళపతికి చేతులు జోడించింది. "ఆడవాళ్లం, తోలు చొక్కా మహిమ మాకేం తెలుసు దొరా? తమరు తొడుక్కుని కోట చుట్టూ ఒక్కసారి స్వారీ చేసి చూపిస్తే బుద్ధి తెచ్చుకుంటాం."

దళపతి పొంగిపోయి తోలు చొక్కా తొడుక్కుని గుర్రమెక్కాడు. సన్నెమ్మను కొట్టాల్సిన కొరడావాడు స్తంభం పక్కనే కొరడా పట్టుకుని ఎదురుచూశాడు. తిరిగొచ్చేసరికి దళపతి ముఖం కందగడ్డలా ఉంది. చొక్కా జీనుకు వేలాడుతోంది.

"ఇప్పుడు కిందపడితే తమరిని కాపాడేదేది దొరా? ఒంటిమీద ఉంచుకోగలిగిందే కదా రక్ష!" అంది పైడమ్మ. కొరడావాడి వైపు తిరిగింది. "అన్నా, చొక్కా విప్పినవాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారు. పెద్దవారితో మొదలెట్టడమే మర్యాద."

కొరడావాడు దళపతి వైపు ఒక అడుగు వేశాడు. దళపతి గబగబా వెళ్లి సన్నెమ్మ కట్లు తానే విప్పాడు.