పైడమ్మ అడిగిన పెంకులు

అనగా అనగా ఒక ఊరు. ఎప్పటి ఊరంటే నాకేం తెలుసు? మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పిందట, ఆవిడకి ఇంకెవరో. ఊరి పేరు అడక్కండి, సిగ్గు. మా ఊరే అనుకోండి. వినేవాళ్ళు ఊఁ కొట్టండి, కొట్టనివాళ్ళు పోయి పడుకోండి.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఒంటి మనిషి. మరమరాలు వేయించి అమ్ముకునేది. పొయ్యి మీద మంగలం పెట్టి, అంటే పెద్ద మట్టి మూకుడు, అందులో ఇసుక కాచి, బియ్యం పోసి తిప్పేది. తిప్పుతుంటే టపటపా పేలి తెల్లగా పొంగేవి. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది. ఏ పసివాడు ఏడుస్తూ ఎదురొచ్చినా ఒళ్ళో ఒక దోసెడు పోసి పోయేది.

ఆ దేశాన్ని ఒక రాణిగారు ఏలేవారు. మంచి మనిషే. ఏటా చైత్రంలో ఒకరోజు కోట వాకిట్లో కూర్చునేవారు. చేతిపనుల వాళ్ళూ, ఏదైనా మంచిపని తలపెట్టిన ఊళ్ళవాళ్ళూ వచ్చి చెప్పుకుంటే కావలసింది ఇచ్చేవారు. అప్పు కాదు, సాయం. తిరిగివ్వక్కర్లేదు. అయితే దొంగ ఏడుపులు ఏడ్చి పట్టుకుపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని ఒక కట్టుబాటు పెట్టారు. అడిగినవాళ్ళ ఊరి నుంచి ముగ్గురు లేచి నిలబడాలి. "మాకు తెలుసమ్మా, ఈ మాట నిజం" అనాలి. ముగ్గురికి ఒకరు తగ్గినా సాయం లేదు.

ఒక ఏడు కుమ్మరి ఎర్రయ్య కుండలు కాల్చే ఆవం కట్టుకోవడానికి సాయం అడిగాడు. ఇద్దరే లేచారు. ఎర్రయ్య మొహం వాడిపోయింది. అక్కడే మరమరాలు అమ్ముకుంటున్న పైడమ్మ గంప దించి లేచింది. "మాకు తెలుసమ్మా, ఈ మాట నిజం" అంది. ఎర్రయ్యకి ఆవం వచ్చింది. కుండలూ పెంకులూ కాల్చుకుని బాగుపడ్డాడు.

మరో ఏడు నేతపని దాలయ్య మగ్గం అడిగాడు. పైడమ్మ లేచింది. "మాకు తెలుసమ్మా, ఈ మాట నిజం" అంది. దాలయ్యకి మగ్గం వచ్చింది.

ఇంకో ఏడు ఊరిపెద్ద సన్యాసినాయుడు వాగు మీద వంతెన అడిగాడు. పైడమ్మ లేచింది. "మాకు తెలుసమ్మా, ఈ మాట నిజం" అంది. ఊరికి వంతెన వచ్చింది.

ఇక ఊళ్ళో అందరికీ అదో అలవాటైపోయింది. కోటకి ఎవరు పోయినా, "పైడమ్మ ఉందిగా" అనేవారు.

మరి పైడమ్మ బాధ ఎవరికి తెలుసు? ఆవిడ పొయ్యి మీద తాటాకు పందిరి. ఎత్తుగా కడితే వాన జల్లు కొట్టి మంగలం పగిలేది. కిందికి కడితే నిప్పురవ్వ ఎగిరి ఆకు అంటుకునేది. వానాకాలం నాలుగు నెలలూ పొయ్యి వెలిగిన రోజు తక్కువ. పొయ్యి వెలక్కపోతే అమ్మడానికేముంది, తినడానికేముంది? పస్తులే. నాలుగు గోడల మీద పెంకుల కప్పు ఉంటే చాలు, బతికిపోతుంది.

పెంకులు కాల్చే ఎర్రయ్య పక్క వీధిలోనే ఉన్నాడు. ఆవిడ అడగలేదు, మొహమాటం. ఆయనకి తోచలేదు. అంతే.

నాలుగో ఏడు పైడమ్మ ధైర్యం చేసింది. ఇల్లిల్లూ తిరిగింది.

"ఎర్రయ్యా, ఈసారి నేనే అడుగుతున్నాను. నాకోసం కాస్త లేస్తావా?"

"అదేం మాట పైడమ్మా! నీకోసం రాకపోతే ఇంకెవరికోసం వస్తాను?"

దాలయ్య అదే అన్నాడు. నాయుడు ఇంకా గట్టిగా అన్నాడు. ఊరు ఊరంతా వస్తామంది.

ఆ రోజు రానే వచ్చింది. చీకటితోనే పైడమ్మ బయల్దేరింది. వంతెన మీద నిలబడి వెనక్కి చూసింది. వస్తార్లే అనుకుని నడిచింది.

ఎర్రయ్యకి ఆవం అంటించే పని పడింది. "ఊరంతా పోతుందిగా, నేనొక్కణ్ణి పోకపోతే ఏం?" అనుకున్నాడు. దాలయ్య నేతకి వీధిలో పడుగు నూలు పరిచాడు. "ఊరంతా పోతుందిగా, నేనొక్కణ్ణి పోకపోతే ఏం?" అనుకున్నాడు. నాయుడింటికి వియ్యంకుడు దిగాడు. ఆయనా అదే అనుకున్నాడు. చెడ్డవాళ్ళా అంటే కాదు. పైడమ్మంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ఏం లాభం! ఇల్లిల్లూ అదే అనుకుంది.

కోట వాకిట్లో పైడమ్మ పేరు పిలిచారు. "నీ వాళ్ళేరమ్మా?" అన్నారు రాణిగారు.

"వస్తున్నారమ్మా, దారిలో ఉన్నారు."

మధ్యాహ్నం మళ్ళీ పిలిచారు. "దారిలో ఉన్నారమ్మా." పొద్దు వాలుతుండగా మూడోసారి పిలిచారు. ఈసారి పైడమ్మ వెనక్కి తిరిగి దారి వైపు చూసింది.

"నిన్ను ఏటా చూస్తున్నాను. కానీ నీకొక్కదానికి కట్టుబాటు తప్పితే రేపు అందరూ అడుగుతారు. మళ్ళీ ఏడు ముందు నీ పేరే పిలుస్తాను, రా" అన్నారు రాణిగారు.

ఊళ్ళోకి రాగానే, "ఇచ్చారా పైడమ్మా?" అని అందరూ మూగారు.

"మళ్ళీ ఏడు రమ్మన్నారు" అంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది! నాలుగు తిట్టి ఉంటే ఎవడికైనా బుద్ధొచ్చేది. అనలేదు మహాతల్లి.

ఆ ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. పదిరోజులు పొయ్యి వెలగలేదు. పదకొండో రోజు ఆకలికి ఆగలేక పందిరి బాగా కిందికి దించి పొయ్యి రాజేసింది. రవ్వ ఎగిరింది, లోపలి ఆకు పొడిగా ఉందేమో భగ్గుమంది. మంగలం కోసం లోపలికి దూరింది. జనం వచ్చి లాగేసరికే ఒళ్ళంతా కాలిపోయింది. మూడోరోజు పోయింది.

ఊరంతా గుండెలు బాదుకుంది. "ఆ రాణి చేతులు పడిపోను! నాలుగు పెంకులిస్తే ఆవిడ సొమ్మేం పోయింది?" అని తిట్టని నోరు లేదు.

మళ్ళీ చైత్రం వచ్చింది. పొలాలకి కాలువ అడగాలని ఊరు మొత్తం కోటకి పోయింది. రాణిగారు మాట ప్రకారం మొట్టమొదట పిలిచారు. "పైడమ్మ! ఆమె మీకు తెలుసా?"

ఊరంతా ఒక్కసారి లేచింది. ముగ్గురు కాదు, మూడొందలమంది. "మాకు తెలుసమ్మా!" అన్నారు.

రాణిగారు తెల్లబోయారు. "ఇంతమందున్నారే! మరి పోయినేడు ఒక్కరూ రాలేదేం? పొద్దుగూకేదాకా ఒక్కతే నిలబడింది. దారిలో ఉన్నారంటూనే ఉంది."

ఎర్రయ్య దాలయ్య వైపు చూశాడు. దాలయ్య నాయుడి వైపు చూశాడు. నాయుడు ఎవరి వైపు చూస్తాడు? అంతదాకా తానొక్కడే పోలేదని ఎవరికి వారు అనుకున్నారు. అప్పుడు తెలిసింది.

"ఆవిడేది? ముందుకు రమ్మనండి" అన్నారు రాణిగారు.

నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఏడ్చారు. ఆ రోజు కాలువ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఎర్రయ్య ఆ నెలంతా పెంకులే కాల్చాడు. ఆ పొయ్యి మీద కప్పు వేశాడు. ఎవరికోసం? వేశాడంతే.

ఇప్పటికీ చూడండి, మావాళ్ళలో ఎవరైనా ఏ సాయానికైనా అర్జీ పెట్టుకుంటే ఒంటరిగా పోనివ్వరు. మొన్నటికి మొన్న ఒకమ్మాయి కుట్టుమిషను కోసం మండలాఫీసుకి పోతే, వెనకాల రెండు ట్రాక్టర్ల జనం దిగారు. పనులు మానుకుని, ఇళ్ళకి తాళాలేసుకుని మరీ.

ఆఫీసరు విసుక్కున్నాడు. "ఒక్క అర్జీకి ఇంతమందేంటండీ? పనీపాటా లేదా మీకు?"

మావాళ్ళలో పెద్దాయన చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఒకసారి ఎవరమూ రాలేదు బాబూ."