కాకి చాటిన గుట్టు

అనగనగా ఒక అడవి. ఒక ఏడు వేసవిలో ఆ అడవికి పాడు జ్వరం పట్టుకుంది. పొద్దున దగ్గిన జంతువు సాయంత్రానికి కూలబడేది. దాని పక్కన నిలబడితే చాలు, ఇంకోదానికీ అంటుకునేది. అట్లాంటి రోజులు మనమూ చూశాం కదా!

ఆ అడవికి పెద్ద ఏనుగమ్మ. మంచిదే పాపం, అందరినీ కాపాడాలని ఒకటే ఆరాటం. కర్రెయ్య అనే కాకిని పిలిచింది.

"ఒరే కర్రెయ్యా, ఎవరు దగ్గుతున్నారు, ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎవరిని కలుస్తున్నారు, అంతా పైనుంచి చూడు. సాయంత్రం మడుగు దగ్గర అందరి ముందూ చెప్పు" అంది.

మనం ఎక్కడెక్కడ తిరిగామో మన ఫోను గుర్తుపెట్టుకుంటుంది చూడండి, కర్రెయ్య కూడా అంతే. ఒక్కటి మరిచేవాడు కాదు.

అడవి వైద్యుడు తాబేలు తాత. "అమ్మా, ఆ కబురేదో నాకు చెబితే చాలు కదా! నలుగురిలో చాటడం ఎందుకు?" అన్నాడు.

"దాచుకునేదేముంది తాతా? తప్పు చెయ్యనివాళ్ళకి భయమెందుకు?" అని ఏనుగమ్మ కొట్టిపారేసింది.

మొదటి సాయంత్రం కర్రెయ్య, "జింక దగ్గింది!" అని అరిచాడు. అంతే, జింకను మడుగు దాపులకు రానివ్వలేదు. నాలుక పిడచకట్టుకుపోయినా దానికి గుక్కెడు నీళ్ళు పుట్టలేదు. రెండో సాయంత్రం ముళ్ళపంది దగ్గిందన్నాడు. కోతులు దాని బొరియ మీద రాళ్ళు రువ్వాయి. అప్పుడేమైందో తెలుసా? దగ్గొచ్చినవాళ్ళంతా నోరు మూసుకుని దగ్గడం నేర్చుకున్నారు. ఒక్కరూ తాత దగ్గరికి పోలేదు. జ్వరం ఇంకా పాకింది.

మూడో సాయంత్రం చెంగి అనే కుందేలు వంతు. కుందేళ్ళకి ఒక పద్ధతుంది. పిల్లల్ని గడ్డిలో దాచి తల్లి దూరంగా ఉంటుంది. రోజుకి ఒక్కసారి, పొద్దుగూకే వేళ, ఎవరి కంటా పడకుండా వెళ్ళి పాలిచ్చి వచ్చేస్తుంది. తన వాసన పట్టుకుని పిల్లల దగ్గరికి ఎవరూ రాకూడదని ఆ జాగ్రత్త.

"చెంగికి దగ్గు లేదు. నిన్న రేగుపొద వెనక గడ్డిలో ముగ్గురు పిల్లలకి పాలిచ్చింది" అన్నాడు కర్రెయ్య.

చెంగి చటుక్కున తల తిప్పింది. గుంపు చివర చూసింది. ఇందాకటిదాకా అక్కడున్న అడవిపిల్లి లేదు. చెంగి ఒక్క ఉదుటున పరిగెత్తింది. పోయి చూస్తే ఇద్దరు పిల్లలే మిగిలారు.

ఆ ఇద్దరినీ వేరేచోట దాచి, తిరిగొచ్చి ఏనుగమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, నాకు జ్వరమూ లేదు, దగ్గూ లేదు. నా బిడ్డేది?" అంది.

ఏనుగమ్మ కర్రెయ్య వైపు తిరిగింది.

"నేను చూసిందే చెప్పాను. అబద్ధమేమైనా ఉందా?" అని గొణిగాడు కర్రెయ్య.

"లేదు నాయనా. నిజమైనా సరే, ఎవరి చెవిన వెయ్యాలో తెలిసుండాలి" అన్నాడు తాత.

ఏనుగమ్మ కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదే చెంగీ. భయంలో ముందూ వెనకా చూసుకోలేదు. ఇకమీదట ఎవరి వెంటా కాకి పోదు. దగ్గొస్తే తాతకి చెప్పుకోండి. తాత పేర్లు బయటపెట్టడు. 'నిన్న తూర్పు రేవులో నీళ్ళు తాగినవాళ్ళు మూడు రోజులు విడిగా ఉండండి' అని మాత్రం చెబుతాడు. జబ్బుపడ్డవాళ్ళకి నీళ్ళు నేనే మోసుకొస్తాను" అంది.

మర్నాడు తెల్లవారేసరికి తాత ముందు పదకొండు జంతువులు ఎడంఎడంగా కూర్చుని ఉన్నాయి. అన్నీ దగ్గు దాచుకున్నవే. రాళ్ళు రువ్విన కోతి కూడా ఉంది అందులో! తాత ఒక్కొక్కరికీ చెవిలో మందు పేరు చెప్పి పంపాడు. నెల తిరిగేసరికి జ్వరం అడవిని వదిలిపోయింది.

చెంగికి పోయిన బిడ్డ మాత్రం తిరిగి రాలేదు. మిగిలిన ఇద్దరినీ అది ఎక్కడ దాచి పెంచిందో ఎవరికీ తెలియదు. ఏనుగమ్మ కూడా అడగలేదు.

నీతి: జబ్బును పట్టుకోవడానికని ఒకరి గుట్టు బజారున పెట్టకూడదు. నమ్మకం ఉన్నచోట జబ్బు తనంతట తానే బయటపడుతుంది.