రాజుగారి సిగసూదులు

మరీ అనగనగా నాటిది కాదు, మొన్నటిదీ కాదు. మేఘవరమనే ఒకానొక రాజ్యాన్ని గజసింహరాయుడనే రాజు ఏలేవాడు. ఏలడమంటే సింహాసనం మీద కూర్చోవడమని ఆయన ఉద్దేశం. ఆ పని మాత్రం పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎంతో శ్రద్ధగా చేసేవాడు.

రాజుకి తన జుట్టంటే ప్రాణం. అది కారుమబ్బులా ఒత్తుగా ఉండేదని ఆస్థానకవి రాశాడు. నిజానికి పల్చన. అందుకే సిగ నిలవడానికి పన్నెండు బంగారు సూదులు కావలసివచ్చేవి. ఒక్కొక్కటి చిటికెనవేలంత పొడవు, తలన ఆవగింజంత కెంపు. ఉదయం కోనమ్మ అనే పరిచారిక ఆ పన్నెండూ గుచ్చి సిగ ముడిచేది. సాయంత్రం విప్పేటప్పటికి తొమ్మిది దొరికేవి. ఒక్కోరోజు ఆరే. కంసాలి కొత్తవి చేసి ఇస్తూనే ఉన్నాడు, అవి పోతూనే ఉన్నాయి.

ఇందులో వింతేమీ లేదు. తలలో పెట్టుకున్న చిన్న వస్తువు ఏనాడైనా లెక్కకి సరిగ్గా తిరిగొచ్చిందా అని ఏ ఇల్లాలిని అడిగినా నవ్వుతుంది. కాని రాజుకి ఆ సంగతి చెప్పేదెవరు? రాజు దగ్గర ఏదైనా లేదంటే అది పోలేదు, ఎవరో ఎత్తుకుపోయారు. అదీ ఆ కొలువులో తర్కం.

పైగా అక్కడొక పాత కట్టుబాటు ఉండేది. రాజు తలమీదనుంచి ఏదైనా జారిపడిందని నోటితో అనడం రాజ్యానికి అపశకునం. అన్నవాడిని ఆ పూటే పొలిమేర దాటించేవారు. అందుకని సూది రాలినప్పుడల్లా సభలో వందమంది చూసేవారు, ఒక్కరి నోరూ పెగిలేది కాదు. దగ్గరున్న పెద్దమనిషి కాలి బొటనవేలితో దాన్ని మెల్లగా తివాచీ కిందికి తోసేసి, పైకప్పు చెక్కడాలు పరిశీలించేవాడు.

కొలువులో రాజు తప్ప అందరూ వట్టికాళ్ళతో ఉండాలి. తివాచీ నేతలోంచి సూదిమొనలు పైకి లేచేవి. దాంతో సింహాసనం దగ్గరికొచ్చేసరికి మంత్రులు కొంగల్లా కాళ్ళెత్తి, ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి వేసి, మడమల మీద నిలబడేవారు. అదంతా తనమీద భక్తి అని రాజు మురిసిపోయేవాడు.

నలభై రోజుల్లో నూట ముప్ఫయ్యేడు సూదులు మాయమయ్యాక, పేరయమంత్రి దొంగని పట్టేశానని సభలో ప్రకటించాడు. గుచ్చేది కోనమ్మ, విప్పేది కోనమ్మ, కాబట్టి కాజేసిందీ కోనమ్మే అన్నాడు. ఇంత సూక్ష్మబుద్ధి లోకంలో ఇంకెక్కడా లేదని రాజు మెచ్చుకున్నాడు. మూడు రోజుల్లో సూదులన్నీ తెచ్చి ఇవ్వాలి, లేకపోతే ఇల్లూ ఊరూ వదిలి పోవాలని ఆజ్ఞ అయింది. అందాకా రాజు సూదులు మానేసి తలపాగాతో సరిపెట్టుకున్నాడు.

కోనమ్మ ఉండే వీధిలోనే తిప్పన ఉండేవాడు. నలభై రోజుల కిందటే ధాన్యాగారంలో కొలతల ఉద్యోగంలో చేరిన కుర్రవాడు. ఆనాటి కొలత ఎంతో రోజూ సభలో విన్నవించడం అతని పని. కొలువులో మొదటిరోజు తిన్నగా నడిచి వెళ్ళి అరికాలు చీల్చుకున్నాడు గనక సూదులెక్కడున్నాయో అతనికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కబురు తెలియగానే కోనమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె మూటలు కడుతోంది.

"అందరికీ తెలుసురా తిప్పనా," అంది కోనమ్మ. "మంత్రిగారి బొటనవేలికి ఇంకా బాగా తెలుసు. రాలాయని చెప్పినా వెళ్ళగొడతారు, చెప్పకపోయినా వెళ్ళగొడతారు. మూటలు కట్టుకోక ఏం చెయ్యను?"

"ఏ రోజు ఎన్ని తగ్గాయో గుర్తుందా అక్కా?"

"గుర్తుండకేం? సూదికో తిట్టు తిన్నాను."

ఆమె ఒక్కోరోజూ చెబుతూంటే తిప్పన ఆనాడు సభలో ఏం జరిగిందో తలుచుకుంటూ వేళ్ళు మడిచాడు. ఇరవయ్యో రోజుకే నవ్వు మొదలైంది. నలభయ్యో రోజు అయ్యాక మూటలు విప్పేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

మూడోనాడు సభ నిండింది. కోనమ్మ వట్టిచేతులతో వచ్చి నిలబడింది. మంత్రి శిక్ష చదవబోతూండగా తిప్పన ముందుకొచ్చి, శిక్ష సబబే గాని వెనకటి ఆచారం ఒకటి మిగిలిపోయిందని మనవి చేశాడు. ఆ రాజ్యంలో ఒకరిమీద నేరం మోపినవాడు కర్పూరం వెలిగించిన పళ్ళెం పట్టుకుని, సభ గుమ్మం నుంచి సింహాసనందాకా, రాజు ముఖం మీదనుంచి చూపు మరల్చకుండా తిన్నగా నడిచొచ్చి ప్రమాణం చెయ్యాలి.

ఇంత చిన్న విషయానికి ప్రమాణమెందుకని మంత్రి గొణిగాడు. రాజుగారి సిగ చిన్న విషయమా అని తిప్పన వినయంగా అడిగాడు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. మంత్రి పళ్ళెం అందుకోక తప్పలేదు.

సభ మధ్యదాకా బాగానే వచ్చాడు. సింహాసనం ఇంకా పదడుగులుందనగా కాలు అలవాటుగా ఎడమకి పోయింది. తిన్నగా నడవమని రాజు గద్దించాడు. మంత్రి తిన్నగా ఒక అడుగు వేసి కెవ్వుమన్నాడు. పళ్ళెం ఎగిరిపోయింది. కాలు పట్టుకుని కూలబడ్డాడు. కూలబడిన చోట ఇంకా ఎక్కువున్నాయి.

భటులు లేవదీసి చూస్తే అరికాల్లో బంగారు సూది, దాని తలన కెంపు.

"మా సూది నీ దగ్గరికి ఎలా వచ్చింది పేరయా?" అని రాజు లేచి నిలబడ్డాడు.

దొంగతనానికి చెయ్యి తీసేస్తారు. అనకూడని మాట అంటే ఊరు దాటిస్తారు. మంత్రి సూక్ష్మబుద్ధి గనక తేలికపాటిది ఏదో వెంటనే తేల్చుకున్నాడు.

"తమ తలమీదనుంచి రాలిందే ప్రభూ," అన్నాడు.

తిప్పన అడిగి తివాచీ ఎత్తించాడు. నూట ముప్ఫై నాలుగు అక్కడ దొరికాయి. ఒకటి మంత్రిగారి కాలిలోది. మిగిలిన రెండూ ఎక్కడున్నాయో మంత్రిగారు కూర్చోలేకపోవడమే చెబుతోంది.

"మా తలమీదనుంచి ఏదీ రాలదు," అన్నాడు రాజు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఊరికే రాలవు ప్రభూ," అన్నాడు తిప్పన. "స్తోత్రపాఠకుడు తమర్ని సూర్యుడన్న రోజున నాలుగు రాలాయి. సముద్రమన్న రోజున ఆరు. ఇంద్రుణ్ణి పక్కకి జరిపి తమర్ని కూర్చోబెట్టిన రోజున తొమ్మిది. తమరు అవునవునని తల ఊపినప్పుడల్లా ఒకటి. ఈ నలభై రోజుల్లో పన్నెండుకి పన్నెండూ ఇంటికి చేరింది ఒక్కనాడే."

"ఏనాడు?"

"గుండ్లవాగు రైతులు తాగునీటి బావి తవ్వించమని రెండు జాములసేపు మొరపెట్టుకున్నారు చూడండి, ఆనాడు."

రాజు అతని ముఖం చూడలేక కోనమ్మ వైపు తిరిగి, రేపటినుంచి సూదులు గట్టిగా గుచ్చమని గంభీరంగా సెలవిచ్చాడు.

"గట్టిగానే గుచ్చుతున్నాను ప్రభూ," అంది కోనమ్మ. "ఊపేది నేను కాదు గదా."

రాజుకి నవ్వొచ్చింది. రాక ఏం చేస్తుంది, కోప్పడితే అదంతా నిజమని ఒప్పుకున్నట్టే. ముందు ముక్కులోంచి, తరవాత పొట్ట ఊగేలా నవ్వాడు. ఆయన నవ్వాడని రూఢి చేసుకున్నాక సభ కూడా నవ్వింది.

కోనమ్మ శిక్ష రద్దయింది. దొరికిన సూదులు ఆమెకే ఇచ్చారు. కట్టుబాటు ప్రకారం పేరయమంత్రి పొలిమేర దాటాలి. కాని ఆయన లేకపోతే రాజ్యం ఏమైపోతుంది? అందుకని కట్టుబాటునే ఎత్తేశారు. కోనమ్మ కోసం మూడు రోజులైనా కదలనిది మంత్రి కోసం మూడు క్షణాల్లో కదిలింది.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు తిప్పనని.

"రేపు గుండ్లవాగు వాళ్ళు మళ్ళీ వస్తున్నారు ప్రభూ. వాళ్ళకోసం ఒక్క సూది పోగొట్టుకోండి. అంతే."

మర్నాటి సాయంత్రం కోనమ్మ సిగ విప్పితే పదకొండు దొరికాయి. అది ఒప్పుకోలు కాదు, రైతులు మాట్లాడుతూంటే రాజుగారికి పట్టిన కునుకు అని పేరయమంత్రి ఇప్పటికీ అంటాడు. కావచ్చు. బావి మాత్రం తవ్వారు.