చుక్కల గుర్రానికి చుక్కలు లేని పిల్ల

పూర్వం మందారగిరి అని ఒక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే గానీ, దాన్ని ఏలే ప్రచండసింహ మహారాజు మీసం మాత్రం చాలా పెద్దది. దాని మీద నిమ్మకాయలు నిలబెట్టవచ్చని సభలో అందరూ అనేవారు. ఎవరూ నిలబెట్టి చూసిన పాపాన పోలేదు. ఆ మాట అనడమే వాళ్ళ ఉద్యోగం.

ఒకసారి రేవులో దిగిన పారశీక వర్తకుల దగ్గర మహారాజు ఒక జత గుర్రాలు కొన్నాడు. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు, ఎవరో సిరా విదిలించినట్టు.

"ఇది చాలా పాత జాతి ప్రభూ" అన్నారు వర్తకులు. "ఎక్కడో కొండగుహల్లో ఆదికాలపు మనుషులు గోడల మీద చుక్కల గుర్రాల బొమ్మలు వేశారని ఓడవాళ్ళు చెప్పుకుంటారు."

అంత చరిత్ర మహారాజుకు చాలలేదు. ఆస్థాన పండితుడు నరహరి భట్టును పిలిచి, గుర్రాలకు తగిన వంశచరిత్ర రాయమన్నాడు. భట్టుగారికి అది కొట్టిన పిండి. మహారాజు వంశచరిత్ర రాసిందీ ఆయనే. నాలుగు రోజుల్లో ఆ జాతి మూలపురుషుణ్ణి పాలసముద్రంలోంచి పైకి తెచ్చి, చిలికినప్పుడు పడిన తుంపరలే ఒంటి మీద చుక్కలయ్యాయని తేల్చాడు. పాల తుంపరలు నల్లగా ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు.

ఇక రాజ్యమంతా చుక్కల పిచ్చి పట్టుకుంది. మహారాజు చుక్కల అంగరఖా తొడిగాడు. మంత్రి చుక్కల తలపాగా చుట్టాడు. సేనాపతికి చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖం నిండా మచ్చలుండేవి. ఆయనకు ఉన్నట్టుండి సభలో గౌరవం పెరిగింది.

ఇంతలో ఆడగుర్రం చూలు కట్టింది. పుట్టబోయే పిల్ల ఒంటి మీద ఆకాశంలో నక్షత్రాలన్నీ వరసగా ఉంటాయని భట్టుగారు జోస్యం చెప్పారు. చూసి పొమ్మని మహారాజు పొరుగు రాజులందరికీ కబురు పెట్టాడు. వాళ్ళు వచ్చారు. పిల్ల కూడా వచ్చింది. చింతపిక్క రంగులో నున్నగా ఉంది. ఒంటి మీద చుక్కన్నది లేదు.

పొరుగు రాజులు మర్యాద తెలిసినవాళ్ళు కాబట్టి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుని దగ్గారు.

మహారాజు ముఖం కందగడ్డ అయింది. "పిల్లను ఎవరో మార్చేశారు" అన్నాడు. గుర్రపుశాల చూసే పోలన్నను పట్టుకొచ్చి నిలబెట్టారు.

"మార్చలేదు దొరా. నా చేతుల్లోనే పడింది ఇది" అన్నాడు పోలన్న. "గిట్టలు చూడండి, నిలువు చారలున్నాయి. మూతి కాడ తోలు మచ్చలు మచ్చలుగా ఉంది. కంటి గుడ్డు చుట్టూ మనిషి కంటికి మల్లే తెలుపుంది. ఇయ్యన్నీ ఈ జాతి గురుతులే. చుక్కలు కొన్నిటికి పుట్టగానే రావు, ఎదిగే కొద్దీ వస్తాయని ఓడోళ్ళు చెప్పారు."

"శాస్త్రంలో అలా లేదు" అన్నారు భట్టుగారు. ఆ శాస్త్రం ఆయన రాసిందే. "వంశ లక్షణం పుట్టుకతోనే కనపడాలి. తర్వాత వచ్చేది వంశ లక్షణమే కాదు."

పోలన్నను భార్యాబిడ్డలతో సహా పొలిమేర దాటించమనీ, గుర్రప్పిల్లను అడవిలో వదిలేయమనీ మహారాజు తీర్పు చెప్పాడు. అయితే రాణిగారు మగబిడ్డను ప్రసవించి అప్పటికి కొద్ది రోజులే అయింది. రాచబిడ్డకు బారసాల అయ్యేదాకా కోటలో ఎవరికీ శిక్ష అమలు చేయకూడదని అక్కడ ఆచారం. అందువల్ల ఆ కాస్త గడువు దొరికింది.

పోలన్న భార్య చెన్నమ్మ ఆస్థాన విదూషకుడు తిప్పన ఇంటికి పరుగెత్తింది. "అయ్యా, ఆ గుర్రాలు తప్ప మావోడికి ఇంకో లోకం తెలవదు. ఊరు దాటిస్తే పిల్లల్నేసుకుని ఏడకి పోవాల?" అని ఏడ్చింది.

తిప్పన ఆమెను అరుగు మీద కూర్చోబెట్టాడు. "ఊరుకో తల్లీ. రాజుగారి తీర్పు తప్పని అంటే ఆయన ఇంకా బిగుసుకుంటాడు. కాబట్టి నేను దాన్ని మెచ్చుకుంటాను" అన్నాడు.

మర్నాడు సభలో తిప్పన చేతులు జోడించాడు. "ప్రభూ, ఇంతటి తీర్పు ఒక్క గుర్రాలకే పరిమితం కావడం లోకానికి నష్టం. ప్రాణి అన్నదానికల్లా వర్తిస్తుందని దండోరా వేయించండి."

మహారాజుకు పొగడ్త అంటే నెయ్యి పోసిన పప్పన్నం. వెంటనే దండోరా వేయించాడు. వంశ లక్షణం పుట్టుకతో కనపడని బిడ్డ ఆ వంశపు బిడ్డ కాదనీ, మార్చినవాళ్ళకు దేశబహిష్కారమనీ ఊరూరా చాటారు.

బారసాల రోజు వచ్చింది. బిడ్డను ఉయ్యాలలో వేసే ముందు వంశచరిత్ర చదవడం ఆనవాయితీ. భట్టుగారు గొంతు సవరించుకున్నారు. "కోరమీసమే ఈ వంశ లక్షణం. మూలపురుషుడి మొదలు నేటి దాకా మీసం లేని మగవాడు ఈ వంశంలో లేడు" అని రాగం తీసి చదివారు. మహారాజు మీసం దువ్వుకున్నాడు.

తిప్పన ఉయ్యాలకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. బిడ్డ పై పెదవిని ఒక పక్క నుంచి చూశాడు, మరో పక్క నుంచి చూశాడు. తర్వాత దిగులుగా నిట్టూర్చాడు.

"దండోరా వేసేవాణ్ణి పిలవండి" అన్నాడు. "బిడ్డను మార్చేశారు."

మహారాజు కత్తి మీద చెయ్యి వేశాడు. "తిప్పనా, తల ఉండాలని లేదా?"

"నా తలదేముంది ప్రభూ. తమ శాసనం నిలబడాలి కదా. మీసం వంశ లక్షణం. బిడ్డకు మీసం లేదు. నాకు తెలిసింది అంతే. మిగతాది భట్టుగారే చెప్పాలి. వారి వంశచరిత్ర అబద్ధమా, బిడ్డ అబద్ధమా?"

భట్టుగారు మహారాజు వైపు చూశారు, కత్తి వైపు చూశారు. "మీసం పుట్టగానే రాదు నాయనా. ఎదిగే కొద్దీ వస్తుంది" అన్నారు.

"అలాగా" అన్నాడు తిప్పన. "ఈ ముక్క మొన్న గుర్రపుశాలలో ఎవరో అన్నారే. ఆయన్ను పొలిమేర దాటిస్తున్నాం. మీరు కూడా మూట సర్దుకుంటారా భట్టుగారూ?"

మొదట రాణిగారు నవ్వారు. తర్వాత మంత్రి నవ్వవచ్చో లేదో అని చూసి, కాస్త నవ్వాడు. మహారాజు చెయ్యి కత్తి మీద నుంచి మీసం మీదికి వచ్చింది. చివరికి ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు.

పోలన్నకు శిక్ష రద్దయింది. పైగా పట్టుపంచెల చాపు కూడా దక్కింది. "నీకేం కావాలో కోరుకో" అన్నాడు మహారాజు తిప్పనతో.

"అడవికి పంపాలనుకున్న ఆ గుర్రప్పిల్లను ఇప్పించండి."

చుక్కలు లేని గుర్రం కదా అని మహారాజు సంతోషంగా ఇచ్చేశాడు. పోలన్నే దాన్ని తిప్పన పెరట్లో పెంచాడు.

మరుసటి ఏడు పాత బొచ్చు రాలి, గుర్రప్పిల్ల తుంటి మీద తెలుపు దిగింది. దాని నిండా చుక్కలు. తల్లిదండ్రులిద్దరికీ అంత అందం లేదు. ఇలా జరుగుతుందని తాను ముందే చెప్పినట్టు భట్టుగారు ఒక పద్యం కూడా రాశారు.

ఆ సంగతి తెలిసి మహారాజు స్వయంగా తిప్పన ఇంటికి వచ్చాడు. గుర్రం చుట్టూ తిరిగి చూసి, "తిప్పనా, ఇది మా శాలలో ఉండవలసింది కదూ?" అన్నాడు.

"తప్పకుండా ప్రభూ" అన్నాడు తిప్పన వినయంగా. "యువరాజుగారికి మీసం మొలిచిన రోజున నేనే తోలుకొచ్చి అప్పగిస్తాను."

మహారాజు పకపకా నవ్వి, తన చుక్కల అంగరఖా విప్పి తిప్పన భుజాన కప్పి నడిచి వెళ్ళాడు. తిప్పన దాన్ని గుర్రం వీపు మీద పరిచాడు.